నల్ల నైలాన్ తీగలు

సాయంత్రం ఐదూ ఇరవైకి పని నుంచి చాల్‌లో మా గదికి వచ్చాను. ఏడింటికి మా కామాఠిపురా గల్లీలో, గణపతి ముందు, మొదటిసారి బేస్ గిటార్ వాయించాలి. రోజంతా స్లాబ్ పోయడంతో సిమెంట్‌కు వేళ్ళు పగిలాయి. గిటార్ ఉక్కు తీగ నొక్కితే నెత్తురొచ్చింది.

నాకు వాయించడం నేర్పిన మేస్త్రీ మామ, ఎవరి చేతికి గిటార్ ఇచ్చినా ముందు వేళ్ళు చూసేవాడు. ఆ సాయంత్రం నావి చూసి, "ముందుగాల చెప్పొద్దారా?" అన్నాడు. తన బేస్ గిటార్‌కున్న నల్ల నైలాన్ పూత తీగలు విప్పి నా దానికి బిగించాడు.

పూత నున్నగా ఉంది, నొప్పి తెలియలేదు. అలవాటు కొద్దీ గట్టిగా మీటాను. తీగ గరగరమంది.

"సిమెంట్ మాల్ కలుపుతున్నవా? ఇవి ఢీలా ఉంటయ్, మెల్లగ ముట్టు."

"మరి నీకెట్ల మామా? వర్లిల ప్రోగ్రాం ఉందంటివి?"

"నీ ఉక్కువి ఉన్నయ్ గద."

ఆ రాత్రి చివరి పాట దాకా వాయించాను. మర్నాడు మామ మూడు వేళ్ళకు పట్టీలున్నాయి. "మంచిగ వాయించినవంట?" అని మాత్రం అడిగాడు. తల ఊపాను.

మామ పోయి చాలా ఏళ్ళయింది. మా గల్లీలో ఇప్పుడు గణపతి ముందు ఎవరూ గిటార్ వాయించరు.