రెండు చెంచాల గంజి

నాలో ఒక మంచి గుణం ఉంది. ఆలస్యం చెయ్యను. ప్రార్థనకు ఆమెన్ పడేలోపే సాక్ష్యం తయారుగా పెట్టుకుంటాను. మా ఇంటామె రూతమ్మ దీన్ని తొందరపాటు అంటుంది. నేను విశ్వాసం అంటాను. ఆ విశ్వాసమే మొన్న నన్ను ఒక శవం పక్కన, చేతిలో సన్మానం శాలువాతో నిలబెట్టింది. ఎట్లనో వినండి.

గట్టు మండలంలో ఊరూరూ మోపెడ్ మీద తిరిగే సువార్తికుణ్ణి నేను. వనపర్తిలో సేవకుల కూడికకు పోతే అక్కడ ఒక పెద్దాయన మైకు పట్టుకొని అన్నాడు: "ఇన్నేండ్ల నుంచి తిరుగుతున్నరు. మీరు చూసినయన్నీ మీతోనే మట్టిల కలుస్తున్నయి. బ్లాగు పెట్టుండ్రి. ఎక్కడో ఒంటరిగ పనిచేసే తమ్మునికి మీ మాటే ధైర్యం."

ఆ మాట నా గుండెకు తాకింది. నిజం చెప్పాలంటే, గుండె కంటే ముందు నా ఫోటోకు తాకింది. ఇంటికి రాగానే రూతమ్మ నా ఫోన్‌లో బ్లాగు తెరిచింది. పైన నా ఫోటో పెట్టమన్నాను.

"దేవుని మహిమ కోసం అన్నవ్. ఫోటో నీదెందుకయ్యా?"

"చూసేటోళ్ళకు గుర్తుండాలె కద!"

మొదటిది మోపెడ్ పంక్చర్ అయిన రోజు గురించి రాశాను. నలుగురు చూశారు. అందులో ఇద్దరం నేనే. నా ఫోన్‌లో ఒకసారి, రూతమ్మ ఫోన్‌లో ఒకసారి.

పంక్చర్లు చాలవు, అద్భుతం కావాలని అర్థమైంది.

మా సంఘంలో సుందరమ్మ అని ఒక పెద్దామె. శనివారం వస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే మందిరం ఊడ్చి చాపలు పరిచేది. ఆమె జబ్బు పడి గద్వాల దవాఖానలో చేరింది. గురువారం పోయి ప్రార్థన చేశాను. కళ్ళు తెరిచింది! ఆమె భర్త దానయ్య చెంచాతో గంజి పడితే రెండు చెంచాలు తాగింది. నన్ను చూసి మెల్లగా అడిగింది: "మందిరంల చాపలెవరు పరుస్తున్రు అయ్యగారు?"

అంతే జరిగింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చొని ఫోన్ తీశాను. దవాఖానలో రెండు చెంచాల గంజి నా బ్లాగులోకి వచ్చేసరికి రెండు జొన్నరొట్టెలైంది. సుందరమ్మ లేచి కూర్చుంది, రొట్టెలు తిన్నది, సొంత కాళ్ళ మీద ఇంటికి నడిచింది.

ఇల్లు చేరేసరికే రూతమ్మ చదివేసింది. "ఆమె ఇంక మంచం మీదనే ఉన్నది కద! జర ఆగలేవా?"

"దొరకకముందే దొరికిందని నమ్మాలె. నీకు విశ్వాసం తక్కువ."

శుక్రవారమంతా ఫోన్ మోగుతూనే ఉంది. కల్వకుర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, హల్లెలూయలే హల్లెలూయలు. చూసినవాళ్ళను లెక్కపెట్టడం మానేశాను. అంటే, గంటకొకసారే లెక్కపెట్టాను.

శనివారం తెల్లారి దానయ్య ఫోన్ చేశాడు. "అయ్యగారు, సుందరి పోయింది." ఫోన్ పెట్టేశాడు.

వాళ్ళ ఇంటి ముందు టెంటు వేశారు. ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. పాటలు పాడుతున్నాం. జేబులో ఫోన్ గజగజ వణుకుతోంది, నాకంటే కొంచెం తక్కువగా. బ్లాగు సంగతి దానయ్యకు తెలియదు, ఆయనకు చదువు రాదు. అదొక్కటే నా ధైర్యం. దేవుడా, ఈ ఒక్క పూట నెట్‌వర్క్ తీసెయ్యి అని ప్రార్థించాను. మా ఊర్లో రోజూ పోయే నెట్‌వర్క్ ఆ రోజు నిండుగా ఉంది.

అప్పుడొచ్చింది ఆటో, ఇటిక్యాల నుంచి. ఆరుగురు దిగారు. ముందు నడిచే తెల్లచొక్కా ఆయన దూరం నుంచే నన్ను గుర్తుపట్టాడు. ఫోటో పనిచేసింది!

"ప్రైజ్ ద లార్డ్ బ్రదర్! టెంటేసిన్రు, పాటలు పాడుతున్రు, కృతజ్ఞత కూడిక షురూ అయిందా? ఆ తల్లి ఏది? శాలువా తెచ్చినం." శాలువా నా చేతిలో పెట్టాడు.

గంటన్నర ప్రసంగంలో తడబడని నోరు నాది. ఆ పూట చెయ్యే మాట్లాడింది. మంచం వైపు చూపించాను.

"ఈమెవరు బ్రదర్?"

"ఆమెనే."

పాట ఆగిపోయింది. దానయ్య లేచి వచ్చాడు. "ఏందయ్యగారు?"

తెల్లచొక్కా ఆయనే, పాపం, చెప్పాడు. "అమ్మ లేచి రొట్టెలు తిని ఇంటికి నడిచిందని అయ్యగారు ఫోన్ల రాసిండు పెద్దాయనా."

ఆమె కోసం తవ్విన గుంతలో ఇంకొకరికి చోటుంటుందా అనిపించింది. దానయ్య నా ముఖం చూడలేదు. శాలువా అంచు వేళ్ళతో తడిమాడు.

"ఆమె కోసమే తెచ్చిన్రు కద. కప్పుండ్రి."

కప్పాం.

నాలుగో రోజు క్షమాపణ అడగడానికి పోయాను. ప్రసంగం లాగా మూడు అంశాలు తయారు చేసుకున్నాను. మొదటి అంశం మొదలుపెట్టేలోపే ఆయన చాప వేశాడు.

"కూసోండ్రి. మీరు రాసింది సదువుండ్రి."

"అది అబద్ధం తాతా."

"ఎరుకనే. దవాఖానల నేనున్న కద. సదువుండ్రి."

చదివాను. రొట్టెల దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం కూరతోని తిన్నది?"

"కూర... రాయలేదు తాతా."

"పుంటికూరంటే ఆమెకు పానం," అన్నాడు. చెయ్యి తీసేసి, "ఇంటికి నడిచింది అన్నరు కద, ఆ ముక్క ఇంకోపారి."

ఇంకోసారి చదివాను. ఆయన వాకిలి వైపు చూస్తూ విన్నాడు.

ఆ రోజే ఇంకొకటి రాశాను. రెండు చెంచాల గంజి, చాపల గురించి ఆమె అడిగిన మాట, శాలువా, నా అబద్ధం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. తొమ్మిది మంది చూశారు. అందులో నేను ఒక్కణ్ణే! ఇటిక్యాల తెల్లచొక్కా ఆయన మాత్రం ఫోన్ చేసి, "మా ఇంటామె పోయేముందు నేను గూడ బాగైందని గిట్లనే చెప్పుకుంట తిరిగిన బ్రదర్," అని చాలాసేపు ఏడ్చాడు. వనపర్తి పెద్దాయన చెప్పిన ఒంటరి తమ్ముడు ఎవరో అప్పుడు తెలిసింది.

అందుకే సేవ చేసే అన్నలారా, రాయండి. తప్పకుండా రాయండి. రెండు చెంచాలైతే రెండు చెంచాలే రాయండి.

మందిరంలో చాపలు ఇప్పుడు దానయ్య పరుస్తున్నాడు. పరిచినాక నా దగ్గరికొచ్చి "సదువుండ్రి" అంటాడు. ఆయన అడిగేది గంజిది కాదు, రొట్టెలదే. అబద్ధమని కింద రాశాను గానీ, దాన్ని తీసెయ్యలేదు. ఆయన అడిగినప్పుడల్లా చదువుతున్నాను. చదవడం తప్పా, ఆపడం తప్పా? ఇన్నేండ్లు సేవ చేశాను, నాకింకా తెల్వదు.