బావి అని వెతికితే బోర్లు

2022 వానాకాలం. చైతన్యపురిలో మెట్రో లైను పక్కన ఉన్న ఒక కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో మా రీడింగ్ హాల్లో సగం మంది చదువుతారు, సగం మంది కళ్లు తెరుచుకునే నిద్రపోతారు. ఆ మత్తు నాకూ ఇష్టమే.

అలాంటి ఒక మధ్యాహ్నం ఎం.ఏ. హిస్టరీ చదివే శ్రావణి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. నల్లగొండ వైపు చేత్తో బావులు తవ్వినవాళ్ల మీద ప్రాజెక్టు రాయాలని ఆ పిల్ల కోరిక.

"ఆన్‌లైన్ల బాయి అని కొడితే బోర్లేసేటోళ్ల నంబర్లే ఒస్తున్నయ్ మేడం. సోమారం దాక ఏదన్న ఆధారం సూపియ్యకపోతే టాపిక్ మార్చుకోమన్నడు సారు."

"మార్చుకుంటే ఏం పోతుందమ్మా?"

"మా నాయిన బాయిలు తవ్వేటోడు. బోర్లొచ్చినంక పని పోయింది. గిప్పుడు ఎల్బీ నగర్ల ఆటో నడుపుతుండు. ఆయన పని గురించి ఎవలు రాయలేదంటే మనసొప్తలేదు."

నాకు ఒళ్లు మండింది. తండ్రి పని లాక్కున్న బోర్లే కూతురి చదువుకీ అడ్డం వస్తే ఎలా?

ఓపాక్‌లో, అంటే మా పుస్తకాలను కంప్యూటర్లో వెతికే చోట, బావి పేరున ఒక్క పుస్తకమూ లేదు. పేరులో లేకపోయినా లోపల ఉండొచ్చు కదా. "రా, చేత్తో వెతుకుదాం" అని నీటిపారుదల పుస్తకాల అలమరా దగ్గరికి తీసుకెళ్లాను. తీయడం, తిరగేయడం, పెట్టడం. బయట వాన మొదలైంది. పొద్దు ఎటు పోయిందో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఒక పాత పుస్తకం ఫుట్‌నోట్‌లో, పేజీ అడుగున ఉండే చిన్న అక్షరాల్లో, బావుల మీద వెనకటి సర్కారు నివేదిక పేరు కనిపించింది.

ఆ నివేదిక మా దగ్గర లేదు. పేరు మొత్తం ఆన్‌లైన్‌లో కొడితే స్కాన్ దొరికింది. అయితే అన్నీ ఫొటోలే. ఫొటోలోని అక్షరాలను కంప్యూటర్ చదివేలా చేసే పనిని ఓసీఆర్ అంటాం. దీనికి అది జరగలేదు కాబట్టి లోపలి మాటలేవీ వెతుకులాటకు తగల్లేదు. మళ్లీ పేజీ తర్వాత పేజీ, ఈసారి తెర మీద. నిజంగానే బావిలోకి తొంగి చూస్తున్నట్టు అనిపించింది. ఒకచోట బొమ్మ వచ్చింది. నడుముకు తాడు కట్టుకుని ఒకాయన లోపలికి దిగుతున్నాడు. తర్వాతి పేజీల నిండా ఆ పని గురించే.

వాన తగ్గాక వాళ్ల నాన్న ఆటో తీసుకుని వచ్చాడు. శ్రావణి ఫోన్లో బొమ్మ చూపించింది. ఆయన వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"గీ పని గూడ రాసిండ్రా బిడ్డా?"

"రాసిండ్రు నాయినా. నేను గూడ రాస్తున్న."

టాపిక్ మారలేదు. చేత్తో వెతకడం మేలా, ఆన్‌లైన్ మేలా అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. రెండూ కావాలంటాను. అంతకంటే ముందు, మీకు దొరకనంత మాత్రాన ఎవరూ రాయలేదనుకోవద్దంటాను.