మేక తినని ప్లేటు

ముందుగా మా మేనత్త మేకకు నేను క్షమాపణ చెప్పుకోవాల. నేను నోట్లో పెట్టుకునే పళ్ల ప్లేటును అది తినలేదు. తినిందని ఏడాదిగా మీ అందరికీ చెప్పినాను, మీరూ నవ్వినారు. ఏమైందో నిన్ననే ఊర్నించి తెలుసుకొని వచ్చినా. టీ చల్లారిపోతాది సుగుణక్కా, నువ్వు తాగుతానే విను. నాయనను సమాధిలో పెట్టి, మన్ను చేసి వచ్చిన మనిషి ఇట్ల నవ్వుతాందేమిటా అనుకోవద్దండి. ఏం చేయాల్నో తెలీక నవ్వుతాండా.

నా ఎత్తుపళ్ల సంగతి మీకు తెలియంది కాదు. నాకంటే ముందు నా పళ్లే వార్డులోకి వస్తాయని కాంపౌండరు ఎగతాళి చేసేవాడు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. అట్లాంటిది మన ఆసుపత్రికి పరదేశం నుంచి పళ్ల డాక్టరమ్మ వచ్చి, దుడ్లేమీ వద్దు, నీ పళ్లు సరి చేస్తానంటే ఊరుకుంటానా!

అబ్బబ్బ, ఎన్ని తంటాలు! మొదట నోటి నిండా సున్నం మాదిరి తెల్లముద్ద పెట్టి అచ్చు తీసింది. దాన్ని ఇంప్రెషన్ అంటారంట. గోడకు పూసేది నా నోట్లో పూస్తాందేమిటా అని భయపడినా. తర్వాత ఒక్కో పంటికీ ఒక్కో బ్యాండు, అంటే పంటికి తొడిగే ఉంగరం. ఆ ఉంగరాలన్నిటినీ కలుపుతా ఒక తీగ. నెలకోసారి ఆ తీగ బిగిస్తే, ఇంక సంగటి కూడా నమిలేదానికి లేదు, మింగాల్సిందే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నానా, తీగలో ఇరుక్కున్న జొన్నరొట్టె ముక్క ఎగిరి ముందు వరుసలో పాదిరిగారి భార్య జడ మీద పడింది!

చివరికి తీగలు తీసేసి, అంగిటికి అతికే ఎర్రటి ప్లేటొకటి ఇచ్చింది. రిటైనర్ అంటారు. పళ్లను జరపడం సగం పనే, జరిగినచోట నిలబెట్టేది ఈ ప్లేటు, తినేటప్పుడు తప్ప తీయొద్దు అనింది. అప్పుడే యుద్ధం వచ్చిపడి, ఆమె వాళ్ల దేశానికి ప్రయాణమైంది. ఈ ప్లేటు పోతే మళ్లీ చేసేవాళ్లు లేరు.

ఇంక ఆగుతానా? ఆత్మకూరు బస్సెక్కి, ఊరికి పోయినా. ఇంట్లో నాయన ఒక్కడే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఫొటో కూడా లేదు. నేను ఎప్పుడు పోయినా నాయన నా చేతిలో సంచి అందుకోకముందే, "ఏదీ, ఒక్కసారి నవ్వు రూతమ్మా" అనేవాడు. తండ్రులంతా ఇంతే అనుకునేదాన్ని.

ఆ పొద్దు అడక్కముందే నవ్వినా. పళ్లన్నీ కనపడేటట్ల!

నాయన చూసినాడు. ఇంకా చూసినాడు. "బాగుండాయమ్మా" అని, ఎద్దుకు నీళ్లు పెట్టాల్నంటా బయటికి పోయినాడు. సంగటి సగం తిని లేచినాడు. చేయి కడుక్కుంటా, "ఇవి ఇంక ఇంతేనా? మళ్లీ ముందుమాదిరి కావా?" అని అడిగినాడు.

చేసిన పని నిలవదేమోనని భయపడతాండాడనుకున్నా. నర్సమ్మను కదా, పాఠం మొదలుపెట్టినా! "ఈ ప్లేటు ఉన్నంతవరకూ ఏం కాదు నాయనా. ఇది పెట్టుకోకుంటే మాత్రం పళ్లు మెల్లగా పాతచోటికే పోతాయి" అని, ప్లేటు తీసి చేతికిచ్చి మరీ చూపించినా.

మర్నాడు రొట్టె తింటా ప్లేటు తీసి అరుగు మీద పెట్టినా. చేయి కడుక్కొని వచ్చి చూస్తే లేదు!

గంపలు బోర్లించినా, గడ్డివామి పీకినా. నాయన కూడా నాతోబాటే వెతికినాడు. అరుగు పక్కన మేనత్త మేక దవడలు ఆడిస్తా నిలబడుకోనుంది. ఇంకేముంది, దాని మీద పడినా! అత్త ఊరుకుంటాదా?

"ఏమే, నా మేక ఆకులు తింటాది గానీ పళ్లు తింటాదా?"

"తినింటాదిలే. మేకకు యాడ తెలుస్తాది" అన్నాడు నాయన. చర్చిలో పెద్ద, అబద్ధం ఎరగని మనిషి. నమ్మినా. పుల్ల పట్టుకొని ఆ మేక వెనక తిరిగి, దాని పెంటికలన్నీ కెలికినా. ఆసుపత్రిలో ఇదేనా నేర్పేదని ఊరంతా నవ్వింది.

తర్వాత నా పళ్లు మెల్లగా ముందుకు రావడం మొదలైంది. పడిన బాధంతా వృథా అయిందని ఎంత ఏడ్చినానో! ఊరికి పోతే నాయన మళ్లీ అదే మాట, "ఏదీ, ఒక్కసారి నవ్వమ్మా." నాకు ఒళ్లుమండేది. "ఏం చూసి నవ్వాల నాయనా?" అని మూతికి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. సంచి అందుకొని లోపలికి పోయేవాడు.

మొన్న జ్వరమని కబురొస్తే పరిగెత్తినా. అప్పటికే మాట పడిపోయింది. కండ్లు మాత్రం నా ముఖం మీదే. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తానే ఉన్నా.

మన్ను చేసిన సాయంత్రమే వాన. ఏడాదిగా చుక్క రాల్చని మబ్బు ఆ పొద్దే కురవాల్నా! మిద్దె కారుతాంటే, నీళ్లు దిగకుండా కాస్త చౌడుమన్ను పరుద్దామని అత్తా నేనూ పైకెక్కినాం. పిట్టగోడ మూలలో పేడముద్ద ఒకటి, వానకు సగం కరిగింది. దాంట్లో నుంచి ఎర్రగా కనపడతాంది, నా ప్లేటు!

అత్త ఆ పేడను వేలితో గీరి చూసింది. "నీ పాలపళ్లకు చేసినట్లే చేసినాడే మాయన్న!"

చిన్నప్పుడు నా పన్ను ఊడినప్పుడల్లా నాయనే పేడలో చుట్టి మిద్దె మీదికి విసిరేవాడు, మంచి పన్ను రావాలని. ఇప్పుడు పాతపళ్లు రావాలని విసిరినాడు.

"ఆ ఎత్తుపళ్లతో నువ్వు నవ్వితే అచ్చం మీ అమ్మే, మా వదినే కదే. ఆ నవ్వు చూసుకునేదానికే బతికినాడు మాయన్న" అనింది అత్త.

నేనేం చేసినానో తెలుసా? ప్లేటును కొంగుతో తుడిచి నోట్లో పెట్టుకున్నా. ఊరందరికీ చేతులు కడుక్కోండని చెప్పే నర్సమ్మను! ఎంత నొక్కినా పట్టలేదు. పళ్లు ఎప్పుడో పాతచోటికి పోయినాయి. నాయన కోరుకున్నట్లే అయింది. ఆయనకు చూపించనిది నేనే.

"ఏదీ, ఒక్కసారి నవ్వే" అనింది అత్త, కండ్లు తుడుచుకుంటా.

నవ్వినా. నాయన అడిగి అడిగి పోయిన నవ్వును, పేడ అంటిన పళ్లతో, మా మేనత్తకూ కింద నిలబడిన ఆమె మేకకూ చూపించి వచ్చినా.