నా సంతకం నిజమేనని చెప్పడానికి వెల్దుర్తి దాకా

ఒంగోలు బస్టాండులో నరసరావుపేట బస్సు తెల్లవారి ఐదున్నరకు కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది. సంచిలో ఒక జత బట్టలు, మంచినీళ్ల సీసా, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, ప్లాస్టిక్ కవరులో కొన్ని తెల్లకాగితాలు. పల్నాడు చూడాలనుకునేవాళ్లకు ఈ దారి పనికొస్తుంది కాబట్టి అంతా వరసగా రాస్తాను. నేను వెళ్లింది మాత్రం ఊళ్లు చూడటానికి కాదు. ఒకామెకు చేసిన అన్యాయాన్ని సరిచేసుకోవడానికి.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. నేను వీఆర్వోని, గ్రామ రెవెన్యూ ఉద్యోగిని. పదకొండేళ్ల కిందట నేను పనిచేసే ఊరికి వసుంధర అనే ఎస్సై కొత్తగా వచ్చారు. ఒక ఎరువుల వ్యాపారి గోడౌను సోదా చేసి నకిలీ మిరప విత్తనాలు పట్టుకున్నారు. సోదా జరిగేటప్పుడు ఇద్దరు మధ్యవర్తులు పక్కనుండి చూడాలి, చూసినదాన్ని రాసిన పంచనామా కింద సంతకం పెట్టాలి. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. చాలాచోట్ల మధ్యవర్తులు అక్కడిదాకా వెళ్లనే వెళ్లరు. పోలీసులు రాసుకొచ్చినదాని మీద స్టేషన్లో టీ తాగుతూ సంతకం పెడతారు. ఆ రోజు ఆమె మాత్రం మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. ప్రతి బస్తా విప్పించి చూపించారు.

ఆ వ్యాపారి మా బావగారి తమ్ముడు. ఆ చుట్టరికం ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. నేను సాక్ష్యం చెప్పాల్సిన ముందురోజు మా అక్క వచ్చి మా వరండాలో కూర్చుంది. "ఒక్క మాటరా. స్టేషన్లోనే సంతకం పెట్టానని చెప్పు. అందరూ చేసేదేగా" అంది. బోనెక్కి అదే చెప్పాను. అందరూ చేసే పని కాబట్టి అందరూ నమ్మారు. రెండో మధ్యవర్తి అప్పటికే చనిపోయారు. కేసు కొట్టేశారు. తప్పుడు పంచనామా రాసిందని ఆమెను సస్పెండ్ చేశారు. ఆమెతో పాటు ఉద్యోగంలో చేరినవాళ్లు సీఐలయ్యారు. ఆమె ఇంకా ఎస్సైగానే ఉన్నారు.

ఇప్పుడు ఆమె పనిచేసేది వెల్దుర్తి వైపు. ఊరి కక్షలు పడలేక వాళ్ల తాత వదిలేసి వచ్చిన ప్రాంతం అదేనట. అక్కడా ఒక నకిలీ విత్తనాల కేసు పట్టుకున్నారు. వచ్చే నెల వాయిదా. ఆమె తప్పుడు పంచనామాలు రాస్తుందని చూపించడానికి ఎదుటి ప్లీడరు నా పాత సాక్ష్యం నకలు తీయించాడని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అద్దంకిలో టీ తాగాను. చిలకలూరిపేట దాటి నాదెండ్ల వైపు పొలాలు వచ్చేసరికి ఎండ ఎక్కింది. దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీ మూసినా ఘాటు ఆగదు, తువ్వాలు దగ్గర పెట్టుకోండి. తొమ్మిది దాటాక నరసరావుపేటలో దిగి, బస్టాండు ఎదురుగా కారప్పొడి, నెయ్యి వేసిన ఇడ్లీ తిన్నాను. అక్కణ్ణుంచి నడిచి కోర్టు దగ్గరి టైపిస్టు షెడ్డుకు వెళ్లాను. ఆనాటి నా సాక్ష్యం అబద్ధమని నేను చెబుతుంటే టైపు చేస్తున్న పెద్దాయన సగంలో వేళ్లు ఆపాడు.

"ఇదేందండీ! తప్పించుకోడానికి రాపిచ్చుకునేవాళ్లను చానామందిని చూశా. ఇరుక్కోడానికి రాపిచ్చుకునేది మీరే. ఉద్యోగం ఉంటదంటారా?"

"తెలీదండీ."

"ఇంట్లో చెప్పే వచ్చారా?"

"మా ఆవిడకు చెప్పాను. పులిహోర కట్టిచ్చింది."

"అయితే పర్లేదు. కానియ్యండి" అని మిగతాది టైపు చేసేశాడు.

మధ్యాహ్నం బస్సులో పిడుగురాళ్ల చేరాను. సున్నపు బట్టీల దుమ్ముకు రోడ్డు పక్క చెట్లు కూడా తెల్లగా ఉంటాయి. అక్కడ మాచర్ల ప్యాసింజరు ఎక్కాను. ఈ రైలుకు తొందర తెలియదు, మనమూ తొందరపడకూడదు. పులిహోర విప్పి ఎదుటి సీటు ముసలాయనకు సగం పెట్టాను. ఆయన వేలితో కిటికీ బయటికి చూపిస్తూ ఊళ్ల పేర్లు చెప్పాడు. "రెంటచింతల వస్తంది. ఇక్కడ మిట్టమధ్యాహ్నం తలుపు తీశామనుకో, ఎండ లోపలికొచ్చి మంచమేసుకుని పడుకుంటది." అంతకు ముందు గురజాలలో రైలు కాసేపు ఆగింది. అప్పుడా స్టేషను నాకు పట్టలేదు.

సాయంత్రానికి మాచర్ల. బస్టాండు దగ్గర లాడ్జీలో కింది గదే అడగండి, పై గదులు పెనంలా కాలుతుంటాయి. నాపరాయి పరిచిన నేల మీద కాళ్లు చాపితే ప్రాణం లేచొచ్చింది. రాత్రి భోజనంలో పండుమిర్చి పచ్చడి వేశారు. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ అడిగి వేయించుకున్నాను.

మర్నాడు ఏడున్నరకు వెల్దుర్తి వైపు షేర్ ఆటో. పక్కన ఒక ముసలమ్మ, ఎదురుగా తలపాగా రైతు.

"ఎవురింటికయ్యా?" అంది ముసలమ్మ.

"పోలీస్ స్టేషనుకమ్మా."

"ఏం చేసొచ్చావు?" ఆటో అంతా నవ్వింది.

రైతు అందుకున్నాడు. "సంతకానికైతే పెన్ను పట్టుకెళ్లు సామీ. మా ఎస్సై మేడం కాడ మధ్యవర్తి సంతకమంటే పదో తరగతి పరీచ్చే. కాగితంలో లేనిది, నువ్వు నీ కళ్లతో చూసింది, ఒకటి నీ చేత్తో రాయాల. మొన్న నేను అరగంట తలగోక్కుని, గోడ గడియారం ఆగిపోయి ఉందని రాసొచ్చా."

"అలా ఎందుకు రాయిస్తారు?"

"ఎక్కడో ఒకడు కళ్లారా చూసి కూడా, కోర్టుకెళ్లి చూళ్లేదన్నాడంట. ఆడి పుణ్యాన మాకీ పరీచ్చలు."

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. చూడటానికి అక్కడ ఎండిన కందిచేలు తప్ప ఏమీ లేవు.

ముసలమ్మ నాతోపాటే స్టేషను దగ్గర దిగింది, నాకంటే ముందే లోపలికి వెళ్లింది. "ఏమే, నిన్న మజ్జిగ పంపిస్తే గిన్నె ఏదే? యూనిఫారమేసుకుంటే గిన్నెలు ఎగ్గొట్టొచ్చా?" కానిస్టేబుళ్లు తలలు దించుకుని నవ్వుకున్నారు. "సాయంత్రం నేనే తెస్తా నాయనమ్మా" అన్నారు వసుంధర గారు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. గొంతు మాత్రం అదే. "మీ తాతా ఇంతే, ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ తీసుకున్న గిన్నె ఇచ్చినోడు కాదు" అంటూ ముసలమ్మ వెళ్లిపోయింది.

అప్పుడు ఆమె నన్ను చూశారు. నవ్వు ఆగింది.

"కూర్చోండి, వీఆర్వో గారూ."

టైపు కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివారు. "దీంట్లో మీరు లేరు. ఎవరైనా రాయించుకోవచ్చు ఇలా. ఆ రోజు మీరు చూసింది, పంచనామాలో లేనిది, ఒకటి మీ చేత్తో రాయండి."

రాయడానికి ఆలోచించనక్కర్లేకపోయింది. పదకొండేళ్లుగా కళ్లముందున్నదే. గోడౌను మూలన బస్తాల వెనక పిల్లి ఈనింది. కానిస్టేబులు బస్తా లాగబోతే ఈమె ఆపి, తన చేతులతో బస్తాలు ఒక్కొక్కటే పక్కకు జరిపారు. కూనలకు ఎండ తగలకుండా ఖాళీ గోనె అడ్డం కట్టమన్నారు. అదంతా రాసి, 'మూడు పిల్లికూనలు' అని ముగించి సంతకం పెట్టాను.

ఆమె చదివారు. చివరి వరస మీద వేలు పెట్టారు.

"నాలుగండీ" అన్నారు. "ఒకటి గోనె కింద ఉండిపోయింది."

నేను గబగబా పెన్ను తీసి మూడును కొట్టేయబోయాను. ఆమె కాగితం మీద అరచెయ్యి పెట్టారు.

"వద్దు. మీరు చూసింది మూడే కదా? చూసినంతే రాయాలి."

క్షమించమన్నాను. "కోపం పోయిందా అని మాత్రం అడక్కండి. పోలేదు" అన్నారు. రెండు కాగితాలూ మడిచి నా చేతికే ఇచ్చారు. "నా గురించిన కాగితం నేను తీసుకోకూడదు. గురజాలలో డీఎస్పీ గారి ఆఫీసులో ఇవ్వాలి. ఇచ్చాక మీమీద కేసు రావచ్చు. ఇస్తారో లేదో మీ ఇష్టం. రైలు అక్కడ ఆగుతుంది." తర్వాత కానిస్టేబుల్ని పిలిచి నాకు మజ్జిగ ఇప్పించారు. ముసలమ్మ గిన్నెలోదే అనుకుంటాను. అల్లం, కరివేపాకు దండిగా ఉన్నాయి.

తిరుగు రైలు మాచర్లలో బయల్దేరాక కవరు ఒళ్లో పెట్టుకున్నాను. ఇంకా మిగిలిన నాలుగేళ్ల సర్వీసు గుర్తొచ్చింది. మా అక్క గుర్తొచ్చింది, ఇక మా గడప తొక్కదు. గురజాల వచ్చింది. పక్కనున్నాయన "టికెట్టు పిడుగురాళ్లకన్నారుగా, ఇక్కడ దిగుతున్నారేంది?" అన్నాడు. చిన్న పనుందన్నాను.

ఆఫీసులో కాగితాలు తీసుకుని, నకలు మీద ముద్ర వేసి ఇచ్చారు. బయట చెరుకురసం తాగి, మూడింటికి నరసరావుపేట బస్సు ఎక్కాను.

పల్నాడు గురించి చాలామంది చాలా చెబుతారు, కక్షలనీ మొండితనమనీ. ఎండ, కారం, ఆటోలో నన్ను నవ్వించిన ఆ ముసలమ్మ, కోపం పోకపోయినా మజ్జిగ ఇప్పించిన ఆమె. రెండు రోజుల్లో నేను చూసింది ఇంతే. చూడని నాలుగో కూనను ఇందులోనూ కలపలేదు.