మొసలి లేని పరుగు

ధర్మసాగర్ చెరువు కట్ట మీద నన్ను మొసలి తరిమిందని మొదటిసారి ఒక పెళ్లిలో చెప్పాను, విస్తళ్లలో బగారన్నం పడుతుండగా. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆగకుండా పరుగెత్తానని, చివరికి మొసలే ఆయాసపడి కూర్చుందని చెప్పాను. పిల్లలు తినడం మానేసి విన్నారు. మా బామ్మర్ది కూడా విన్నాడు. అతనిది కాజీపేటలో రైల్వే నౌకరి. బండి ఆగితే ఎందుకు ఆగిందో తేల్చేదాకా వదలని మనిషి.

“మొసలిని జర పక్కకు పెట్టు బావా. అది లేకుంటనే ఉరుకు, సూద్దాం. మిరుగం నాటికి కట్టంత ఆగకుంట ఉరికితే నువ్వు జెప్పింది నిజం. లేకుంటె ఇగ ఏ ఫంక్షన్ల నోరు తెరవద్దు.”

మిరుగమంటే మృగశిర కార్తె, వానలు మొదలయ్యే నాడు. పంక్తి మొత్తం చప్పట్లు కొట్టింది. నోరు తెరవకుండా పెళ్లికి వెళ్లి నేనేం చేయాలి, ఒట్టి భోజనమా?

నాది హన్మకొండలో డీటీపీ దుకాణం. పెళ్లికార్డుల ఆర్డర్లన్నీ కంప్యూటర్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటాను. ఒక్కో పనికి ఒక్కో వరుస, పక్కన తేదీ, అంతే. ఆ ఫైలును తెరిచే ప్రోగ్రాంలో రోజూ చేసే పనికి ఒక గుర్తు పెడితే, ‘అయింది’ అని కొట్టగానే తేదీ ఒకరోజు ముందుకు జరుగుతుంది. అయినట్టు కింద నమోదవుతుంది. ఆర్డర్ల వరుస ఒకటి కాపీ చేసి, దాని మీద ‘పరుగు’ అని రాశాను.

మొదట్లో పాలకేంద్రం దాకా వెళ్లేసరికే గుండె చెవుల్లో కొట్టుకునేది.

“గది నడుసుడే గదనయ్యా,” అంది మా ఆవిడ.

“మెల్లగ ఉరుకుడే.”

అలా సాగుతుండగా పరకాలలో చుట్టాల పెళ్లి వచ్చింది. కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాం. తిరిగొచ్చి, పరుగెత్తి, ‘అయింది’ అని కొట్టాను. తేదీ ఒక్కరోజే జరిగి, ఇంకా పెళ్లి రోజుల్లోనే నిలబడింది. అప్పుడు వెలిగింది: నేను కాపీ చేసింది కార్డుల గుర్తు. అది తప్పిన రోజును వదలదు, ఒక్కొక్కటీ వసూలు చేస్తుంది. పోయింది పోనిచ్చి ఇవాళ్టి నుంచి లెక్కపెట్టే గుర్తు వేరే ఉంది.

“గా గుర్తు మార్చరాదు? లేకుంటె అయింది, అయింది అని కొట్టుకుంట పో. ఎవలు సూడొచ్చిండ్రు?” అంది మా ఆవిడ.

నోటితో ఏమైనా చెబుతాను, నా నోరు నా ఇష్టం. టైపు చేసినదాంట్లో మాత్రం తప్పు పోనివ్వను. పెళ్లికొడుకు పేరున్న చోట వాళ్ల నాయన పేరు పడితే ఏం జరుగుతుందో మా పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

ఇక పొద్దున పరుగు ఆ రోజుకు, సాయంత్రం పరుగు బాకీకి. ఎండాకాలం. నా చెమటకు వీధి తడిసిపోయి, నీళ్ల ట్యాంకరు మా గల్లీకి అవసరం లేదని వెనక్కి పోయింది. ఒక సాయంత్రం ఫైల్లో తేదీ, గోడ మీది క్యాలెండరు తేదీ కలిశాయి.

మిరుగం నాడు తెల్లవారే కట్ట ఎక్కాను. బామ్మర్ది స్కూటరు మీద పక్కనే వస్తున్నాడు. నా వేగానికి స్కూటరు పడిపోబోతోంది, కాళ్లు ఆనిస్తూ నడుపుతున్నాడు.

“బావా, ఎనుక మొసలి అస్తాంది!”

“రానియ్! నీ స్కూటరే దానికి దగ్గర!”

సగం దాటాక డొక్కలో పోటు మొదలైంది. ఆగితే చాలనిపించింది. ఇకమీద ప్రతి పెళ్లిలోనూ విస్తరి ముందు మూగవాడిలా కూర్చున్న నన్ను నేను చూసుకున్నాను. ఆగలేదు. కొసకు చేరి, రాయి మీద కూలబడ్డాను.

బామ్మర్ది స్కూటరుకు స్టాండు వేశాడు. “నిజంగనే ఆగలె బావా. గని మొసలి ముచ్చట అబద్ధమే గద?”

“కట్ట ఉరికితే నేను జెప్పింది నిజమని నువ్వే అంటివి.”

ఇంటికొచ్చి ‘అయింది’ అని కొట్టాను. తేదీ రేపటికి జరిగింది. మా ఆవిడ మిరుగం నాటి చేపలు కడుగుతూ అడిగింది. “పందెం అయిపాయె గద, ఇగ గా వరుస తీసెయ్యరాదు?”

“ఉండనియ్యే. మళ్లొచ్చే పెళ్లిల నన్ను పులి తరుముతది.”