ఎగరకూడని రెక్క

నకిరేకల్ మార్కెట్లో వడ్లు తూర్పారబట్టే అవ్వకు ఒక అలవాటు ఉండేది. ఫ్యాన్ ఎంత జోరుగా తిరుగుతున్నా, ముందు గుప్పెడు తాలు వదిలి అది ఎటు పోతుందో చూసేది. ఆ తర్వాతే చాట ఎత్తేది. "గాలిని అడగాలె బిడ్డా" అనేది.

నేను గాలిని ఎన్నడూ అడగలేదు, పుస్తకాన్నే అడిగాను. ఇంజనీరింగ్ చివరి ఏడాది మా జట్టు చేసిన రేసు కారుకు ముందు రెక్క నా డిజైన్. వేగంలో కారు ముక్కును నేలకు అదిమి పట్టడం దాని పని. పోటీలో ఆ కారు నడపాల్సింది నా దోస్తు. పోటీకి ముందు రోజు, అంత పెద్ద ఫ్యాన్ అవ్వ దగ్గరే ఉందని రెక్కను తెచ్చి, దాని ముందు స్టూలు మీద పెట్టి, పావుగంట ఉపన్యాసం ఇచ్చాను.

అవ్వ అంతా విని, ఫ్యాన్ వేసి, గుప్పెడు తాలు వదిలింది. తాలు కంటే ముందు రెక్కే లేచి వడ్ల కుప్ప మీద పడింది.

"అదుముతదంటివి. గిది ఎగురుతాంది గదా బిడ్డా?"

"రెక్క కదా అవ్వా..." అని నసిగాను. నేను విమానం రెక్కను చూసి గీశానని అప్పుడు గుర్తొచ్చింది.

అవ్వ దాన్ని తీసి స్టూలు మీద బోర్లించి పెట్టింది. ఈసారి రెక్క స్టూలును కరిచి పట్టుకుంది.

రిపోర్టులో "విస్తృత పరీక్షల అనంతరం డిజైన్‌ను సవరించాం" అని రాశాను. బోర్లించామని రాయలేదు.

తర్వాత నాకు లెక్చరర్ ఉద్యోగం వస్తే మిఠాయి డబ్బాతో వెళ్లాను. అవ్వ చెయ్యి చాపలేదు.

"గిదన్న సక్కగ పట్టుకొచ్చినవా బిడ్డా, బోర్ల పట్టుకొచ్చినవా?"

చూసుకుంటే, డబ్బా మూత కిందే ఉంది.