లెక్కలో చేర్చని నెల

ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. మొదటిది అధిక మాసం. ఆ నెలలో మా ఇళ్ళల్లో ఏ శుభకార్యమూ చెయ్యరు. వాకాడు దగ్గర మా ఊళ్ళో ఎవరి మడి ఎన్ని సెంట్లో, ఎంత విత్తనం పడుతుందో వేళ్ళ మీద తేల్చి చెప్పేవాణ్ణి నేనే. బడిలో నేర్చింది కాదు, పట్టుబట్టి నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే నా భార్య రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నెలలు లెక్కపెట్టే పని కూడా నాదే అయింది.

మొదటి కాన్పు నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్‌తో అయింది. మళ్ళీ కడుపు వస్తే నొప్పుల దాకా ఇంట్లో ఉంచకూడదని, పాత కుట్టు తట్టుకోదని, తొమ్మిదో నెల పడగానే తెచ్చి చేర్పించాలని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

అధిక శ్రావణం మొదలైన రోజు మా అమ్మ అంది: "అది దొంగ నెలరా. కడుపు లెక్కలో కలపబాక."

నేను కలపలేదు. ముహూర్తాలకూ నోములకూ పనికిరాని నెల దీనికి మాత్రం ఎందుకు పనికొస్తుందనుకున్నాను.

భాద్రపద పౌర్ణమి దాటాక నా భార్యను నెల్లూరుకు పరీక్షకు తీసుకుపోయాను. వరండా నిండా ఆడవాళ్ళు, చూసేది ఆ డాక్టరమ్మ ఒక్కతే. పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఎన్నో నెలయ్యా?" అంది.

"ఏడో నెల నడస్తా ఉందమ్మా."

"నా చేతికి ఎనిమిది లాగా తగులుతోందే. సరిగ్గా చూసినావా?"

"నా లెక్క తప్పదమ్మా."

"మోసేది నేను గదా, నన్నడగరే!" అని నా భార్య నవ్వింది. నర్సు కూడా నవ్వింది. డాక్టరమ్మ వరండా వైపు ఒకసారి చూసి, కాగితం మీద ఏడు అని రాసింది.

నా లెక్కకు దీపావళి వెళ్ళాక తొమ్మిదో నెల. ప్రయాణానికి బట్టలు కూడా సర్ది పెట్టాను. దీపావళి మర్నాడు తెల్లవారుతూనే నొప్పులు వచ్చాయి. అప్పటికి మూడు రోజులుగా వాన. పొంగిన స్వర్ణముఖి ఒడ్డున బండ్లు వరసగా ఆగిపోయాయి. పడవవాడు తాడు విప్పనన్నాడు. బండిలో ఆమె నా చొక్కా పట్టుకుని, "ఇంకా దినాలుండాయంటివే," అంది.

వాన తెరిపిచ్చాక పడవ కదిలి, ఏరు దాటి నెల్లూరు చేరేసరికి సాయంత్రమైంది. పాత కుట్టు తెగిపోయింది. బిడ్డ దక్కలేదు. గర్భసంచి తీసేసి ఆమెను బతికించారు.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చుంది. నెలలన్నీ వరసగా చెప్పమంది. చెప్పాను.

"ఈ ఏడు శ్రావణాలు రెండు గదయ్యా?"

"అధికం కలపలేదమ్మా."

తిడుతుందనుకున్నాను. ఆమె తన అరచేతులు చూసుకుంది. "నా చెయ్యి చెప్పింది రాసుకోవాల్సింది," అని లేచింది. వరండాలో మనుషులు ఎదురుచూస్తున్నారు.

ఇంటికి పంపే రోజు నర్సు కాగితం నింపుతూ, కాన్పు ఎన్ని నెలలకని నన్నే అడిగింది. మంచం మీద నుంచి నా భార్య, "తొమ్మిది నిండొచ్చినాయమ్మా," అంది. నన్ను చూడకుండా, ఒక్కో నెల పేరు చెబుతూ ఒక్కో వేలు మడిచింది. శ్రావణానికి రెండు వేళ్ళు మడిచింది.